బాయి అన్న మాట

మొన్న ఆదివారం మా అల్లుడు ఖమ్మం నుంచి వచ్చి, మా హాల్లో నేల మీద చైనా పటం పరిచి కూర్చున్నాడు. అతనిది ట్రావెల్స్ వ్యాపారం. ఇన్నాళ్ళూ కాశీకీ షిర్డీకీ బస్సులు నడిపినవాడు, ఈ ఏడు గైడును పెట్టి చైనా తిప్పుకొస్తానని బయలుదేరాడు. మొదటి జట్టు మేమే కావాలట. మేమంటే నేనూ, మా ఆయనా, ఆయనతో ఒకే షిఫ్టులో బొగ్గు పని చేసి రిటైరైన ముగ్గురు స్నేహితులూ, వాళ్ళ ఆడవాళ్ళూ. ఆ పూట అందరం ఆ పటం చుట్టూనే చేరాం. సత్తుపల్లి నుంచి తిరుపతి పోవడానికే నెల్లాళ్ళు ఆలోచించే మాకు చైనా అనేసరికి నోళ్ళు ఊరుకోలేదు. ఒకాయన తన మోకాళ్ళు ఆ పెద్ద గోడ ఎక్కనిస్తాయా అని దిగులు పడితే, ఒకావిడ అక్కడ పాములు తప్ప ఇంకేమైనా వండుతారా అని నిలదీసింది.

అల్లుడు వేలితో చూపిస్తూ పోయాడు: బీజింగ్‌లో రాజుల కోట, కొండల మీద గోడ, గుయిలిన్‌లో నది మీద పడవ, చివర షాంఘై. పడవ అనగానే నాకు మా మరిది మనసులో మెదిలాడు. కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో దుమ్ముగూడెం దగ్గర గోదావరిలో నాటుపడవ ఎక్కితే, నేను భయపడుతున్నానని చూసి కావాలనే పడవ ఊపిన కొంటెవాడు. నవ్వు వచ్చింది గానీ కొంగు చాటున దాచుకున్నాను. మా ఇంట్లో ఆ పిల్లవాడి ఊసు ఎత్తే అలవాటు పోయి చాలా ఏళ్ళయింది.

అల్లుడి వేలు షియాన్ అనే ఊరి దగ్గర ఆగింది. అక్కడ ఒక రాజు సమాధికి కాపలాగా వేలమంది మట్టి సైనికులను చేసి పూడ్చారట. "గీళ్ళు ఎట్ల దొరికిన్రో తెలుసా మామా? రైతులు బాయి తవ్వుతుంటే బయటవడ్డరు" అన్నాడు హుషారుగా.

మిగతా వాళ్ళకు బాయి అంటే నీళ్ళ బావి. బొగ్గు ఊళ్ళలో బతికిన మా ఈడువాళ్ళకు మాత్రం బాయి అంటే గనే. బాయి పని, బాయి సైరను, బాయి బట్టలు. నలుగురు మగవాళ్ళూ తలలెత్తి ఒకరినొకరు చూసుకున్నారు. పాపం అల్లుడికి ఎందుకో అర్థం కాలేదు.

అప్పట్లో మేము భద్రాచలం అడవి పక్కన కాలనీ క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. ఎండాకాలం తెల్లవారితే ఇప్పపూల వాసన కిటికీలోంచి వచ్చేది. సైరను విని పొయ్యి మీద అన్నం పెట్టేవాళ్ళం, సైరను విని పిల్లలకు నీళ్ళు పోసేవాళ్ళం. వేళ కాని వేళ అది మోగితే మాత్రం పొయ్యి మీదది పొయ్యి మీదే వదిలి పరుగెత్తేవాళ్ళం. ఒక మధ్యాహ్నం అలాగే మోగింది. లోపల పైకప్పు కూలింది, ఆ వెనకే పొగ మొదలైంది. అందరూ బయటికి వచ్చారు, అదే గనిలో పనికి చేరిన మా మరిది తప్ప. పొగ వచ్చే ఆ దారిని గోడ కట్టి మూసెయ్యకపోతే గని మొత్తం అంటుకుంటుందని ఆఫీసర్లు తేల్చారు. మూయడానికి దిగినవాళ్ళు మా ఆయనా, ఈ ముగ్గురూ. గోడకు అటు తమ్ముడుండగా ఇటు అన్న ఇటుకలు పేర్చాడు. ఆ గోడ మళ్ళీ తెరవలేదు. అప్పటికే ప్రాణం పోయి ఉంటుందని అందరూ అన్నారు. నేనూ అదే నమ్ముతూ వచ్చాను. ఆయన ఏం నమ్మాడో అడిగే ధైర్యం నాకు ఏనాడూ కలగలేదు.

పటం మీదికి వంగి మా ఆయన మెల్లగా అడిగాడు. "ఇంకా లోపల ఉన్నరా?"

"మస్తుమంది ఉన్నరు మామా. తవ్వుతనే ఉన్నరు. ముక్కలైనోళ్ళను గూడ అతికిచ్చి నిలవెడుతున్నరు" అన్నాడు అల్లుడు.

ఆ ఆదివారం నుంచి నాకు మనసు మనసులో లేదు. ఈయన పొద్దున కాఫీ తాగి బూజుకర్ర తీసుకుంటున్నాడు. ఇల్లు శుభ్రం చేస్తాడేమోనని మురిశాను కూడా. చూస్తే, గది గదికీ తిరిగి కర్రతో స్లాబును తడుతూ, చెవి ఒగ్గి వింటున్నాడు. గనిలో కప్పు గట్టిగా ఉందో లేదో అలాగే తట్టి చూసేవారు. "ఈడ డొల్ల పలుకుతున్నదే, నువ్వు ఇటు పండకు" అని నా మంచం జరిపించాడు. స్నేహితుల్లో ఒకాయన మోకాళ్ళ పేరు చెప్పి టూరు మానుకున్నాడు, ఇంకొకాయన మనవరాలి పరీక్షలన్నాడు, మూడో ఆయన ఫోనే ఎత్తడం లేదు. నేను భయపడి, ఆ షియాన్ ఒక్కటి తీసెయ్యమని చాటుగా అల్లుడికి చెప్పాను. ఈయన పక్క గదిలోంచి విన్నాడు. కోప్పడలేదు. "అదొక్కటి ఉంచుమను. మిగిలినయి తీసేసినా సరే" అన్నాడంతే.

ఇప్పుడు మా వైపు బొగ్గు చాలావరకు పైనుంచే తవ్వుతున్నారు. చీకట్లోకి దిగే మనుషులు తగ్గారు, మంచిదే. మా పాత క్వార్టర్లకు తలుపులు కూడా లేవు, మాతో ఉన్నవాళ్ళు తలో ఊరూ పట్టారు. ఆనాడు గని గేటు బయట కాలనీ ఆడవాళ్ళమంతా ఒకరి కొంగు ఒకరం పట్టుకొని నిలబడ్డాం, ఏడుపూ కలిసే ఏడ్చాం. షియాన్‌లో ఆ మట్టి సైనికులున్న గుంటలోకి దిగనివ్వరట, పైన కటకటాల దగ్గర నిలబడి చూడాలట. అక్కడ ఫోటోలు తీసుకునే జనం మధ్య ఆయన చెయ్యి పట్టుకొని నేనొక్కదాన్నే ఉంటాను. ఆ వరసల్లోకి తొంగిచూసి ఆయన తమ్ముణ్ణి పేరుపెట్టి పిలిస్తే ఊరుకొమ్మని అనలేను. నేనూ పిలుస్తాను.