కుంపటి తడిమి చూసిన పెద్దాయన

తెనాలి బంగారం పనివాళ్ళ సంఘం పెద్ద పోయారని మంగళవారం పొద్దున బాపట్లలో నాకు కబురు అందింది. చేతిలో పని పక్కన పెట్టి రైలెక్కాను.

రాజుల కాలంలో పనివాళ్ళ సంఘాలను శ్రేణులనేవారని, పని పంచడం, కష్టంలో ఉన్న ఇంటిని చూడడం వాటి బాధ్యతలని నేను చాలా ఆలస్యంగా చదివి తెలుసుకున్నాను. ఆయన చదవలేదు. తెనాలిలో సినిమా హాళ్ళ మధ్య, అప్పట్లో నాకూ ఒక కొట్టున్న మా వీధిలో ఆ కట్టుబాటును నిలబెట్టారు.

అరవై మూడులో, పద్నాలుగు క్యారెట్లు మించిన బంగారంతో నగలు చేయకూడదని చట్టం వచ్చాక మా కుంపట్లు ఆరిపోయాయి. వెండి మెట్టెలు, పట్టీలు, అతుకుల పని మాత్రం మిగిలింది. ఏ కొట్టుకు బేరం వచ్చినా ఆయనే వంతులు వేసేవారు. పొద్దున్నే ప్రతి కొట్టు ముందూ ఆగి, "పనుందా అబ్బాయ్?" అని అడిగేవారు. ఉందన్నవాడి వంతు పక్కవాడికి పోయేది.

మా పక్క కొట్టతను రోజూ "ఉందండి" అనేవాడు. లేదనడానికి అతనికి నోరు రాలేదు. అతని వంతు నాకు వచ్చేది. ఆ వేసవిలోనే అతను తన ప్రాణం తనే తీసుకున్నాడు. అంతకుమించి రాయలేను.

పరామర్శకు వెళ్ళిన పెద్దాయనకు అతని భార్య గడపలోనే అడ్డంగా నిలబడింది.

"రోజూ అడిగావు బాబాయ్. నడివీధిలో పని లేదని ఏ మగాడు చెప్తాడు? ఒక్కసారి లోపలికొచ్చి కుంపట్లో చెయ్యి పెడితే తెలిసేది కదా!"

ఆయన గడప దగ్గర్నుంచే వెనుదిరిగారు. ఆమె రేపల్లెలో అన్నగారింటికి వెళ్ళిపోయింది. ఆయన పంపిన మనుషుల్ని రెండుసార్లు వాకిట్లోంచే తిప్పి పంపింది.

ఆ తరువాత ఆయన ఎవరినీ అడగలేదు. నేరుగా కొట్లోకి వచ్చి బూడిదలో చెయ్యి పెట్టేవారు. చల్లగా ఉంటే సాయంత్రానికి పని వచ్చేది. ఒకసారి నేను సిగ్గుపడి, పని లేకుండానే బొగ్గులు రాజేసి కూర్చున్నాను. ఆయన వేళ్ళు ఊదుకుంటూ, "నిప్పు బాగానే ఉందిరా. ఏం కాలుస్తున్నావు, వంకాయా?" అన్నారు. వెళ్తూ గుమ్మంలో ఆగారు. "మీ నోటిమాట నాకొద్దు. ఒకసారి నమ్మి చెడ్డాను."

మంగళవారం నేను రైలు దిగి వెళ్ళేసరికి వీధిలో కొట్లన్నీ మూసేశారు. రేపల్లె నుంచి ఆమె వచ్చింది. ఎండలో పెద్దాయన ఇంటి ఎదురుగా నిలబడింది గానీ గుమ్మం ఎక్కలేదు.

"ఒక్కసారి చూడండమ్మా," అన్నాను.

"నువ్వెళ్ళి చూడు. మా ఆయన వంతు తిన్నది నువ్వే కదా."

పాడె లేచింది. వీధి మలుపులో వెనక్కి చూశాను. ఒకప్పుడు ఆమె భర్తది, ఇప్పుడు ప్లాస్టిక్ బకెట్లు అమ్ముతున్న కొట్టు గడప మీద, మూసిన తలుపుకు వీపు ఆనించి, ఆమె ఒక్కతే కూర్చుని ఉంది.