తడి గోనెసంచులు

వేములవాడల కోరుట్ల బస్సు ఎక్కిన. బస్సు కదలకముందు ఒకాయన వట్టి చీపురుతోని ఊడ్వవట్టిండు. దుమ్మంత లేసింది. నా పక్క సీట్ల ఉన్న ఆడమనిషి లేచి, "ఆగు తమ్మీ" అని, తన సీసల నీళ్లు కింద చిలకరించింది.

"భీవండిల అలవాటైందక్కా" అన్నది నాతోని, కూసుంట.

వాళ్లది తంగళ్ళపల్లి. ఆలుమగలిద్దరు బతకవోయి భీవండిల బట్ట నేసే సాంచల కార్ఖానల పనిచేస్తుండ్రట. గాలిల ఎగిరే నూలు నూగుతోని పెనిమిటికి దగ్గు పట్టింది. కంటి మీద కునుకు లేకపోయేదట.

"వానకాలం చూసిన నేను. గాలి తడిగుంటె నూగు ఒకదానికొకటి తాకి, అంటుకొని, ముద్దయి కింద పడ్తది. ఎండకాలం గట్ల పడదు, మా ముక్కులల్లకే వస్తది. గోనెసంచులు తడిపి యాలాడగడ్తమంటె, సాంచలు తుప్పు పడ్తయని సేటు వద్దన్నడు."

"మరేం చేసిండ్రు?"

"ఆడోళ్లమంత కలిసి సాంచలు బందువెట్టినం. బతకనీకి వచ్చినం గని సచ్చెటందుకు రాలేదని నేనే సేటుతోని అన్న. పొద్దుగూకంగ సేటే సంచులు తెప్పిచ్చిండు. తడికి పోగులు తెగుడు గూడ తగ్గింది. ఇప్పుడు గది తన ఉపాయమే అని అందరికి చెప్తుండు."

"నీకు కోపం రాదా?"

"చెప్పుకోనీ అక్కా. మా ఆయిన మంచిగ నిద్రవోతుండు గద!"

ముందు సీటు దిక్కు గర్వంగ చూపిచ్చింది. ఆమె పెనిమిటి కిటికీకి తలానిచ్చి, దగ్గు లేకుంట పండుకున్నడు.

అప్పటిసంది బతకవోయినోళ్లను చూసి ఎవలన్న "పాపం" అంటె, నా నోటికి మాత్రం ఆ మాట రాదు.