ధర్మవరం తేనెటీగల కోసం మూడు కుండీల చైవ్స్

ధర్మవరంలో మగ్గం నేసే మా పద్మక్క ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. అందుకే ఈ ప్రయాణం. పెరట్లో ఆమె పెట్టుకున్న తేనెటీగల పెట్టె చుట్టూ ఒక్క పువ్వు లేదట. మార్చి ఎండకు బీర, కాకర ఎండిపోయాయి, వేప ఇంకా పూతకు రాలేదు. "తిండి లేక అల్లాడుతాండాయి పాపా. లేచిపోతాయేమో" అంది. ఆకలైతే ఆ ఈగలు గూడు వదిలి నిజంగానే ఎగిరిపోతాయి. హిందూపురంలో మా మిద్దె మీద మూడు కుండీల్లో గార్లిక్ చైవ్స్ ఉన్నాయి. చూడ్డానికి సన్నటి ఉల్లికాడలే, వాసన మాత్రం వెల్లుల్లిది. తెల్లటి పూలు విచ్చాయంటే ఈగలు వదలవు. అప్పటికి నిండా మొగ్గలతో ఉన్నాయి. మూడు కుండీలతో ఒక గూడు కడుపు నిండదని తెలుసు, అయినా వేప పూసేదాకా ఏదో ఒక ఆధారం కావాలి కదా.

ఆ పొద్దు రైలు వేళ కుదరలేదు. ఆరుంబావుకు హిందూపురంలో బస్సెక్కాను. పెనుకొండకు గంట పైన, అక్కడ బస్సు మారితే ధర్మవరానికి ఇంకో గంటన్నర. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ ఉచితం. కుండీలను ట్రేలో సర్ది, తడి గోనెపట్ట చుట్టి, ఒళ్ళో పెట్టుకున్నాను. గుంత వచ్చినప్పుడల్లా ట్రేను రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాను. "ఏమక్కా, ఉల్లినారును సంటిబిడ్డ మాదిరి ఎత్తుకున్నావే!" అని కండక్టర్ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

పెనుకొండ బస్టాండులో దిగేసరికి గోనెపట్ట ఆరిపోయింది. బెంచీ మీద నారాయణమ్మ అనే అవ్వ కూర్చుని ఉంది. కనగానపల్లి దగ్గర ఉల్లి పండించే రైతు, ఆమె కూడా ధర్మవరం బస్సు కోసమే చూస్తోంది. "కాస్త చూస్తాండు అవ్వా, నీళ్ళు తెస్తా" అని పరిగెత్తాను. పది నిమిషాల్లో తిరిగొచ్చి చూస్తే ట్రేలో ఒక్క మొగ్గ లేదు. అన్నీ అవ్వ కొంగులో ఉన్నాయి.

"పూత ఎక్కిపోతాండాది తల్లీ. వదిలితే గడ్డ ఊరదు. అంతా తుంచేసినా" అంది, మేలు చేసిన సంతోషంతో.

"అయ్యో అవ్వా, ఎంత పని చేసినావే! గడ్డకు కాదు, పూలకే పెంచినా!" అని అరిచాను. బస్టాండంతా తిరిగి చూసింది. ఉల్లి వేసేవాళ్ళెవరైనా చేసే పనే ఆమె చేసింది, చెప్పకుండా పోయింది నేను. బస్సులో కూర్చున్నాక అక్క గోడు మొత్తం వినిపించాను. ధర్మవరం దగ్గరపడ్డాక అవ్వ అంది: "మా చేనులో విత్తనానికి ఇడిచిన ఉల్లి ఉండాది. చేనంతా పూతే. పెట్టెను ఆడికి తెండి. పూత తుంచింది నేనే గదా."

తొమ్మిదిన్నరకు అక్క గుమ్మంలో ఉన్నాం. ట్రేలో మొండికాడలు చూసి అక్క ముఖం పాలిపోయింది. అవ్వే ముందుకెళ్ళి, "తిట్టేదుంటే నన్ను తిట్టు పాపా" అంది. అక్క తిట్టలేదు. పెట్టె మూత తీసి చూసింది. తేనె అడుగంటింది. "ఈడ పెట్టుకుని చంపుకుంటానా" అని మూత వేసేసింది. సందెవేళ ఈగలన్నీ లోపలికి చేరాక పెట్టె వాకిలికి జాలీ కట్టి ఆటో ఎక్కించాం. కనగానపల్లి దాకా ఆరు వందలన్నాడు ఆటోవాడు. అవ్వ పెట్టె మీద ఒక చెయ్యి ఆన్చి కూర్చుంది. అక్క సందు మలుపు దాకా ఆటో వెనకే నడిచింది.

చైవ్స్ తీసుకుని ఈ దారిన వచ్చేవాళ్ళకు ఒక్క మాట. కాపలా ఉండేవాళ్ళకు అది పూల కోసమని చెప్పి మరీ వెళ్ళండి. ఒకవేళ తుంచేసినా కుండీ పారేయకండి, దుబ్బు చావదు. ఎండ తగిలేచోట పెట్టి నీళ్ళు పోస్తే మళ్ళీ కాడ వేస్తుంది. నేను వదిలొచ్చిన కుండీలకు అక్క అదే చేస్తోంది. మంచి మనసుతో చేసిన పనికి కోపం తెచ్చుకోవడం ఎంత కష్టమో నాకు ఆ పొద్దే తెలిసింది. ఇది జరిగి మూడు వారాలు. ఈగలు బతికాయి, అవ్వ చేనంతా తిరుగుతున్నాయట. నిన్న మాత్రం అవ్వ ఫోన్ చేసి, "ఈడ పూత అయిపోతాండాది తల్లీ, వేప ఇంకా పూయలే. మీ అక్క కుండీల్లో మొగ్గేమన్నా వచ్చిందా?" అని అడిగింది. కనుక్కుని చెబుతానన్నాను. రాలేదంటే పెట్టెను ఎక్కడికి తీసుకుపోవాలో తెలియదు, అందుకే అక్కను అడగడానికి ఇంకా ధైర్యం చాలలేదు.