అతను కోరిన ఎరుపు

తెలంగాణ ఉద్యమం రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో నాతో ఒకే గదిలో ఉన్న మిత్రుడూ నేనూ ఒకే ల్యాబ్‌లో పరిశోధన చేసేవాళ్లం. వెంట్రుకకన్నా ఎంతో సన్నని సెమీకండక్టర్ తీగలు పెంచేవాళ్లం. కాంతి తగిలితే ఒక్కో తీగా ఒక బుల్లి లేజర్ అవుతుంది. సల్ఫర్ తగ్గించి సెలీనియం పెంచితే దాని రంగు ఆకుపచ్చ నుంచి ఎరుపుకు జరుగుతుంది. అతనికి కావలసిన ఎరుపు మాత్రం ఎంతకీ రాలేదు.

"నీ దేవుడు ఒక్క మాటతోటి వెలుగు జేసిండు. మనకే గింత పరేషాన్ ఏందన్నా?" అని నన్ను ఆటపట్టించేవాడు.

ఒక బంద్ రోజు తీగలు ఫర్నేస్‌లో ఉండగానే ఎల్‌బీనగర్ ర్యాలీకి బయల్దేరాడు. "జర చూస్తుండన్నా, పొద్దుగూకేసరికి ఒస్తా" అన్నాడు. రాలేదు. ఆసుపత్రుల్లో, పోలీస్ స్టేషన్లలో వెతికాం. జాడ లేదు.

ఫర్నేస్ చల్లారాక ఒక తీగను మైక్రోస్కోప్ కింద పెట్టాను. సరిగ్గా అతను కోరిన ఎరుపే వెలిగింది. చూపిద్దామంటే పక్కన అతను లేడు.

ఆదివారం ఆరాధనలో సంఘపెద్ద మెల్లగా అడిగారు. "బ్రదర్, ఆ అబ్బాయి బతికే ఉన్నాడంటారా?" చనిపోయినవాళ్ల కోసం మా సంఘంలో ప్రార్థన చెయ్యరు.

"ఉన్నాడండి" అన్నాను. అందరూ మోకరించారు.

ఇప్పటికీ రోజూ అతని పేరు ఎత్తి ప్రార్థిస్తాను. ఒక్క పూట మానేసినా అతన్ని నా చేతులతో పాతిపెట్టినట్టవుతుందని భయం.