ఆపరేషన్ పేర్లకు తోకలుంటాయి

వరంగల్‌లో ఒక ప్రైవేటు దవాఖాన ఆపరేషన్ థియేటర్‌లో నేను ఇరవై రెండేళ్లు ఆయాగా పనిచేశాను. దవాఖాన పేరుతో ఇక్కడ పనిలేదు. రోజూ నెక్కొండ నుంచి రైల్లో వచ్చేదాన్ని. నా చదువు నాలుగో తరగతి. ఇప్పుడు చెప్పబోయేది నేను పని మానడానికి మూడేళ్ల ముందు, ఎండలు ముదురుతున్న రోజుల్లో జరిగింది.

థియేటర్‌లో హోదాలు కచ్చితంగా ఉంటాయి. సర్జన్, మత్తు డాక్టరు, స్టాఫ్ నర్సు, టెక్నీషియన్, అందరి కింద ఆయా. ఆయా పని కడగడం, తుడవడం. కానీ మా దగ్గర సెట్లు కట్టే పని కూడా నాదే. రేపటి ఆపరేషన్ల లిస్టు మధ్యాహ్నం తలుపు మీద అంటిస్తారు. ఒక్కో ఆపరేషన్‌కు కావలసిన పనిముట్లను పచ్చగుడ్డలో మూటకట్టి స్టీలు డ్రమ్ములో పెడితే, ఆవిరి యంత్రంలో ఉడుకుతాయి. ఆ పూట డ్రమ్ములోకి పోని కత్తెర మరునాడు బల్ల మీదికి రాదు.

ఇంగ్లీషు అక్షరాలు నా బిడ్డ పలక చూసి నేర్చుకున్నాను. ఆపరేషన్ పేర్లు గూడ్సు బండి అంత పొడుగు. మొదట్లో ముందు నుంచి చదవబోయి సగంలోనే ఆగిపోయేదాన్ని. కొన్నాళ్లకు ఒక సంగతి కనిపెట్టాను. ఇంజన్లు వేరైనా చివరి డబ్బాలు ఒకటే. అపెండిసెక్టమీ, హిస్టరెక్టమీ, టాన్సిలెక్టమీ: అన్నిటికీ చివర ఇ, సి, టి, ఓ, ఎం, వై. ఆ ఆరు అక్షరాలుంటే ఒంట్లోంచి ఏదో తీసేస్తున్నారని అర్థం. అంటే రక్తనాళాలను పట్టే క్లాంపులు ఎక్కువ కావాలి, తీసిన ముక్కను పరీక్షకు పంపే సీసా కావాలి.

పాత క్యాలెండర్ కాగితాలు పారేయడం నాకు చేతకాదు. వాటి వెనకవైపు ఖాళీగా ఉంటే గోనెదారంతో కుట్టి నోట్‌బుక్ చేసుకున్నాను. డిక్షనరీలో మాటలు మొదటి అక్షరం ప్రకారం ఉంటాయట. నా పుస్తకంలో తోక ప్రకారం. ఐటిస్ పేజీలో వాపులు. ఆటమీ పేజీలో కోసి తెరిచేవి. ఆస్టమీ పేజీలో బయటికి దారి పెట్టి ఉంచేవి, వాటికి సంచీ, గొట్టం కావాలి. ప్లాస్టీ పేజీలో బాగుచేసేవి, హెర్నియా అయితే లోపల కుట్టే వలలాంటి జాలీ ఉన్న డబ్బా మరవకూడదు. అర్థాలు స్టాఫ్ నర్సు సరితను అడిగేదాన్ని. రోజుకు ఒక్క మాట. అంతకంటే ఎక్కువ అడిగితే ఆమె పని ఆగుతుంది, నా పనీ ఆగుతుంది.

ఆ ఏడు దవాఖానకు తనిఖీ బృందం వస్తోందన్నారు. కొత్తగా వచ్చిన మేట్రన్, అంటే నర్సులందరికీ పెద్ద, నన్ను పిలిచింది.

"పెద్దమ్మా, రేపటి సంది లాండ్రీకి పో. పదో తరగతి లేనోళ్లు సెట్లు కట్టొద్దు."

"కట్టిన సెట్ల తప్పేమన్న దొరికిందా మేడం?"

"తప్పు దొరికేదాంక ఆగాల్నా?" అని నా చేతిలో పుస్తకం తీసుకుని నాలుగు పేజీలు తిప్పి నవ్వింది. "ఇదేం డిక్షనరీ? తోకలు పట్టుకొని ఎంత దూరం పోతవ్?"

"పంతొమ్మిదేండ్లు వచ్చిన మేడం. ఇంక మూడేండ్లు పోత."

లాండ్రీ పని తక్కువదని నేను అనను. బట్టలుతకడం నాకు తెలుసు. కానీ తప్పు చూపకుండా తీసేస్తే నేనేదో తప్పు చేశానని నలుగురూ అనుకుంటారు. అందుకే కదలలేదు. పెద్ద సర్జన్ చెప్తే పోతానన్నాను. ఆయన చేతులు కడుక్కుని అటే వస్తున్నాడు. సంగతి విని, పరీక్ష వేరే ఎందుకు, రేపటి లిస్టు తలుపు మీదే ఉంది, కట్టమనండి, మీరు కార్డులతో సరిచూడండి అన్నాడు. ఒక్కో ఆపరేషన్‌కు ఏమేం కావాలో రాసిన అట్టముక్కలే కార్డులు. సరిపోతే ఉంటుంది, లేకపోతే లాండ్రీకి పోతుంది అన్నాడు. నేను సరేనన్నాను.

లిస్టులో అయిదు పేర్లు. నాలుగింటికి పనిముట్లు పరిచాను. మేట్రన్ ఒక్కో కార్డు పట్టుకుని వేలితో లెక్కపెట్టింది. నాలుగూ సరిపోయాయి. అయిదోది మూడేళ్ల పిల్లవాడికి. పేరు చివర పెక్సీ అని ఉంది. నా పుస్తకంలో ఆ తోక లేదు.

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"ఏమాయె? అంత తెలుసన్నవ్ గద, ఏదో ఒకటి పెట్టు" అంది మేట్రన్.

"పెట్టను. ఈ తోక నాకు తెల్వదు."

"చిన్న పిలగాని సెట్టు పెడితె సరిపోదా?"

"సరిపోతదో లేదో తెల్వకనే గద పెట్టనంటున్న."

సరిత నాకేసి కళ్లతో సైగ చేసింది, ఊరుకోమని. ఊరుకోలేదు. తాను ఊళ్లో లేకపోతే ఏం చేస్తావని సర్జన్ అడిగాడు.

"డ్రమ్ము మూత పెట్టను సారూ. సరితమ్మను అడుగుత. ఆమెకు తెల్వకుంటె మీకు ఫోన్ చేపిస్త. మీరు తిట్టినా చేపిస్త."

ఆయన నవ్వలేదు. ఈ ఆపరేషన్ కార్డు ఏదని మేట్రన్‌ను అడిగాడు. ఆమె డబ్బాలో కార్డులు తిప్పింది. మళ్లీ తిప్పింది. ఆ కార్డు లేదు. మా దగ్గర ఆ ఆపరేషన్ అప్పటిదాకా చేయలేదు. కిందికి దిగని వృషణాన్ని దించి, దాని చోట కుట్టి నిలపడమని ఆయన చెప్పాడు. పెక్సీ అంటే జారకుండా ఒకచోట నిలపడం. కావలసిన పనిముట్లు ఒక్కొక్కటి ఆయన చెప్తుంటే మేట్రన్ కొత్త కార్డు రాసింది, నేను పరిచాను. మూత పెట్టేసరికి ఆవిరి యంత్రం వేళ దాటిపోబోతోంది.

నన్ను పంపొద్దని సర్జన్ చెప్పడంతో నేను థియేటర్‌లోనే ఉన్నాను. మేట్రన్ ఒక పద్ధతి పెట్టింది: కట్టేది నేను, సరిచూసి సంతకం చేసేది స్టాఫ్ నర్సు. అది మంచి పద్ధతే. మొదటి రోజే ఆ మాట ఆమెకు చెప్పాను. తనిఖీకి వచ్చినవాళ్లు నా చదువెంతని అడిగితే నాలుగు అన్నాను. సంతకాల పుస్తకం చూసి ముందుకు పోయారు.

పని మానేరోజు నా చోటికి వచ్చిన ఆమెకు క్యాలెండర్ పుస్తకం ఇచ్చాను. ఇంటర్ చదివిన మనిషి, నాకంటే వేగంగా చదువుతుంది. ఒక్క షరతు పెట్టాను. కొత్త తోక వస్తే పేజీ తెరిచి తోక రాయాలి, అర్థం చోటు ఖాళీగా వదలాలి. తెలిసినవాళ్లు చెప్పేదాకా అక్కడ ఊహించి రాయకూడదు, ఆ డ్రమ్ముకు మూత పెట్టకూడదు. పంతొమ్మిదేళ్లు పోగుచేసిన మాటలతో నాలుగు సెట్లు పరిచాను. నన్ను లాండ్రీకి పోకుండా ఆపింది, తెలియదని చేతులు ఆపుకున్న ఆ అయిదోది.