బాగుందమ్మా అన్న తర్వాత

ఈ పొద్దున పనిలో ఉండగా నా హెడ్‌ఫోన్లలో కుక్కర్ విజిల్ మోగింది. ఎవరింట్లోనో పప్పు ఉడుకుతోంది. ఆ ఇంటావిడ తన కంప్యూటర్ తెర నాకు చూపిస్తూ, మేం తయారుచేసిన వెబ్‌సైట్ వాడి చూస్తోంది. ఇలా దూరాన కూర్చుని జనం ఎక్కడ తడబడతారో గమనించే పని నాకు నేర్పింది వసుంధర గారు, నా మొదటి బాస్.

సింగపూర్‌లో ఐటీ జోరుమీదున్న రోజులవి. మా ఆఫీసు జురాంగ్ ఈస్ట్‌లో. ఆవిడకి మనుషుల మీద తీరని కుతూహలం. ఎవరైనా టికెట్ మెషిన్ దగ్గర తికమకపడుతుంటే మా ట్రైన్ వెళ్ళిపోతున్నా కదిలేవారు కాదు. నేను గొణిగితే, "ఉండమ్మా, ఇప్పుడేం నొక్కుతాడో చూద్దాం" అనేవారు.

నేను కొత్తగా చేరి, ఒక క్లినిక్ కోసం అపాయింట్‌మెంట్ పేజీ చేశాను. అది బాగా వస్తేనే నా ఉద్యోగం ఖాయం, లేదంటే అక్కడ పనిచేయడానికిచ్చే వర్క్ పాస్ పోయి తిరిగి ఇంటికే. బుకిట్ పంజాంగ్‌లో ఉండే ఒక రిటైరైన తెలుగు అంకుల్ తన ఫ్లాట్ నుంచి దాన్ని వాడి చూడటానికి ఒప్పుకున్నారు. స్పీకర్ ఫోన్‌లో ఆయన గొంతు, మా తెర మీద ఆయన మౌస్ బాణం.

"డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోండి అంకుల్" అన్నాను.

"చాలా బాగుందమ్మా. కలర్స్ సూపర్!"

నాకు ప్రాణం లేచొచ్చింది. వసుంధర గారు మాత్రం బాణాన్నే చూస్తున్నారు. అది దారి తప్పిన చీమలా పేజీ అంతా తిరుగుతోంది. నేను సాయం చెప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. కాసేపాగి, "అంకుల్, ఆంటీని పిలిచి ఎలా చెయ్యాలో మీరే నేర్పించండి" అన్నారు.

ఆంటీ వచ్చారు. "ఎక్కడ నొక్కాలండీ?"

"అదే వెతుకుతున్నా."

"దొరకలేదని చెప్పొచ్చుగా వాళ్ళకి!"

అంకుల్ గొంతు తగ్గించారు కానీ మాకు అంతా వినబడింది. "ఊరుకో. మన తెలుగు పిల్ల, కొత్తగా వచ్చినట్టుంది. బాలేదంటే జాబ్ పోతుందేమో."

నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. వసుంధర గారు నవ్వేశారు. "అంకుల్, బాలేనిది చెబితేనే ఈ పిల్ల జాబ్ నిలబడుతుంది."

ఇక ఆయన్ని ఆపడం మా తరం కాలేదు. అక్షరాలు చిన్నవన్నారు, బటన్ ఎక్కడో మూల దాచారన్నారు, ఇంతకన్నా క్లినిక్‌కి నడిచి వెళ్ళి రావడమే సుఖమన్నారు. ఆయన మరిచిపోయినవి ఆంటీ వెనకనుంచి అందించారు.

మర్నాడు క్లినిక్ వాళ్ళ ముందు వసుంధర గారు ఏదీ దాచలేదు. పేజీ ఇప్పుడే విడుదల చేయొద్దన్నారు. ఇది ఎవరు చేశారని వాళ్ళు అడిగారు. "ఈ అమ్మాయే. అంకుల్ చెప్పినవన్నీ దగ్గరుండి విన్నది కూడా ఈ అమ్మాయే. కాబట్టి దిద్దేది కూడా తనే" అన్నారు ఆవిడ. వాళ్ళు సరేనన్నారు. అలా నా ఉద్యోగం నిలిచింది.

బాగుందన్న మాట వింటే నాకు ఇప్పటికీ సంతోషమే, కానీ అక్కడితో ఆగను. ఆ మాట వెనక నన్ను నొప్పించకూడదనుకునే ఒక మంచి మనిషి ఉండొచ్చు. నిజం చెబితే నాకేం కాదని ఆ మనిషికి ముందు నేనే ధైర్యం చెప్పాలి.