సిస్టరమ్మ మీద నా అనుమానం

మొన్న సోమవారం పొద్దున మా పక్కింటి సిస్టరమ్మ పోయింది. ఫోన్ చేసిన ఆమె మేనకోడలు మాత్రం ఆ మాట వాడలేదు. అత్తమ్మ ప్రభువు దగ్గరికి చేరుకుందని చెప్పింది, ఊరెళ్లిన మనిషి క్షేమంగా ఇల్లు చేరిందని చెప్పినంత మామూలుగా. ఫోన్ పెట్టేశాక ఏడుపు వచ్చింది. దాంతోపాటు నా పాత అనుమానం కూడా వచ్చింది.

ముందు నా సంగతి చెప్పాలి. రైల్వేలో ముప్పై రెండేళ్లు టీసీగా పనిచేశాను. బాత్రూమ్‌లో ఉన్న మనిషి పనిమీద వెళ్లాడో, నన్ను చూసి దాక్కున్నాడో తలుపు చూసి చెప్పగలిగేవాణ్ణి. ఇంట్లోనూ అదే బుద్ధి. పాలవాడు కొంచెం ఎక్కువ నవ్వితే ఆరోజు గిన్నెలోకి తొంగిచూసేవాణ్ణి. అలాంటివాడి పక్కింట్లోకి, మెట్టుగూడలో, చచ్చిపోయాక ఎక్కడికి వెళ్తానో నాకు తెలుసు అని నిమ్మళంగా చెప్పే మనిషి వచ్చి చేరితే ఎలా ఉంటుందో మీరే చూడండి.

ఆమె నర్సు. బోయిగూడలో, మాలాంటి హిందూ కుటుంబంలోనే పుట్టింది. ఆరేళ్ల కూతురు జ్వరంతో పోతే, నా పిల్ల ఎక్కడికి పోయిందని కనిపించిన ప్రతి పెద్దమనిషినీ అడిగిందట. రాత అన్నారు కొందరు, మరిచిపో అన్నారు కొందరు. ఆమెతో డ్యూటీ చేసే ఒక పెద్ద నర్సు మాత్రం, పాప యేసు దగ్గరుంది, మళ్లీ చూస్తావు అన్నదట. ఆ మాట పట్టుకుని చర్చికి వెళ్లింది, ఇక అక్కడే ఉండిపోయింది. ఈ కథ విని మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. పిల్లను పోగొట్టుకున్న తల్లి ఏం చెప్పినా నమ్ముతుంది కదా అని నేను అనుకున్నాను.

మా ఆవిడకూ ఆమెకూ మంచి స్నేహం. పండగపూట నైవేద్యం పెట్టకముందే మా ఆవిడ ఒక గిన్నెలో పులిహోర తీసి పక్కన ఉంచేది. దేవుడికి పెట్టింది సిస్టరమ్మ తినదు, అందుకని. మా ఆవిడ చనిపోయి ఏడాది తిరిగాక వచ్చిన వినాయక చవితికి మా చెల్లెలు వచ్చి వండింది. ముందే తీసిపెట్టే సంగతి నేను మరిచిపోయాను. పూజ అయ్యాక గిన్నె పట్టుకుని వెళితే, ముందే తీశావా తమ్ముడూ అని అడిగింది. మరిచిపోయానని చెప్తే సరిపోయేది. కానీ నాలోని టీసీ లేచాడు. ఈవిడ దేవుడు అన్నీ చూస్తాడు కదా, ఇదీ చూస్తాడేమో చూద్దాం అనిపించింది. ముందే తీశానన్నాను. ఆమె ఒక్క క్షణం కళ్లు మూసుకుని, నా ఎదుటే తిన్నది.

నాలుగు రోజులు నాకు అన్నం సయించలేదు. చివరికి వెళ్లి చెప్పేశాను. తనకు తెలుసంది. పులిహోరలో రెండు అక్షింతలు పడి ఉన్నాయట, వేలితో పక్కకు జరిపి తిన్నదట. నేను ఆమె ముఖమే చూశాను కానీ గిన్నె చూడలేదు. మరి తెలిసీ ఎందుకు తిన్నారని అడిగాను.

"నీ పెండ్లాం పోయినంక నువ్వు ఎవరింటికీ గిన్నె పట్టుకొని పోలే. ఫస్టు మా ఇంటికే వచ్చినవు. ప్రార్థన చేసుకొని తిన్న," అన్నది.

అప్పుడు నాకు కోపం వచ్చింది. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను. ఆ ఏడాదంతా సాయంత్రాలు ఆమె మా వరండాలోకి వచ్చి కూర్చునేది. బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి తెచ్చిన చిక్కుడుకాయలు ముందు పోసి, సగం నా చేత ఈనెలు తీయించేది. చేతులకు పనుంటే మనసు జెర ఊకుంటదని ఆమె మాట. నన్ను మతంలో కలపడానికే వస్తోందని నేను కాచుకుని ఉన్నాను. ఒక్క కరపత్రం కూడా ఇవ్వలేదు. ఇవ్వకపోవడం మీద కూడా నాకు అనుమానమే. ఆ కోపంలో ఆరోజు అడిగేశాను. మీ పాప అక్కడుంది, మీరూ వెళ్తారు, బాగానే ఉంది. యేసును ఎన్నడూ కొలవని మా ఆవిడ సంగతేమిటి?

"నాకు తెల్వదు తమ్ముడూ. తెలుసంటే అబద్ధమైతది. నాకంటె ఎక్కువ ప్రేమించేటాయన చేతుల ఆమెను పెట్టిన. రోజూ పెడుతున్న," అన్నది.

సగం జవాబే అనిపించింది. కానీ ఆ రాత్రి, మా ఆవిడ పోయాక మొదటిసారి, నాకు కంటినిండా నిద్ర పట్టింది. ఆ మాట ఆమెకు చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

మంగళవారం సమాధి దగ్గర పాస్టరుగారు, నేను రైల్వే మనిషినని ఎవరైనా చెప్పారో ఏమో, సిస్టరమ్మకు పరలోకం టికెట్ ఎప్పుడో కన్ఫర్మ్ అయిపోయిందన్నారు. నాకు నచ్చలేదు. ఆమె అలా ఎన్నడూ మాట్లాడలేదు. పైగా పోవడానికి రెండు రోజుల ముందు ఆమెను చూసింది నేను.

ఆ మధ్యాహ్నం పరామర్శకని చెప్పి ఆసుపత్రికి వెళ్లాను. నిజానికి వెళ్లింది తనిఖీకి. ఇన్నేళ్లు చెప్పిన నమ్మకం ఆ మంచం మీద నిలుస్తుందా లేదా చూద్దామని. మేనకోడలు మందులు తేవడానికి కిందికి దిగింది. సిస్టరమ్మ నా వైపు తిరిగి మెల్లగా, "భయమైతుంది తమ్ముడూ," అన్నది.

ఇరవై ఏళ్లు నేను కాచుకున్న మాట అది. దొరికింది. దొరకగానే నాకే భయం పట్టుకుంది. ఆ నమ్మకం ఈమె దగ్గరే లేకపోతే ఇంకెవరి దగ్గర ఉంటుంది? మా ఆవిడను రోజూ ఎవరి చేతుల్లో పెడుతున్నట్టు? మంచం మీదికి వంగాను. ఆ మాటలు నావేనని నాకే తెలియలేదు.

"పాప ఎదురొస్తది సిస్టరమ్మా. ఏసయ్య చెయ్యి పట్టుకొని ఎదురొస్తది."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వు నమ్ముతున్నవా?"

"నమ్ముతున్న," అన్నాను.

అది అబద్ధమో కాదో నాకు అప్పుడు తెలియదు, ఇప్పుడూ గట్టిగా చెప్పలేను. ఆమె కూడా నా మాటను ఊరికే నమ్మేయలేదు. నా మణికట్టు అందుకుని, రెండు వేళ్లు నాడి మీద ఆనించి, గోడ గడియారం వైపు చూస్తూ పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. కాసేపటికి నిద్రతో ఆమె కళ్లు మూతలు పడ్డాయి, ఊపిరి నిదానమైంది. వేళ్లు మాత్రం అక్కడే ఉన్నాయి. మేనకోడలు మందులతో తిరిగి వచ్చేదాకా నేను చెయ్యి కదపలేదు.